అద్దం మీద నాలుగు వేళ్ళు

రైలు కదిలింది, అమ్మయ్య, పన్నెండింటికి రావలసింది అరగంట ఆలస్యంగా వచ్చింది, వచ్చి కూడా తాడేపల్లిగూడెం ప్లాట్‌ఫారం మీద తీరుబడిగా నిలబడింది, ఇప్పటికి కదిలింది. ఏలూరు ముప్పావు గంట, స్టేషన్ బయట ఆటో దొరికితే ఆసుపత్రికి పది నిమిషాలు, అంటే ఒంటిగంటన్నర అవుతుంది, అప్పటిదాకా యేసమ్మ ఆ మిగిలిన రెండు మాత్రలూ మొగుడి నోట్లో వెయ్యకుండా ఉంటే చాలు. ఉంటుందా? ఎందుకుంటుంది? నేను వద్దనలేదుగా. వద్దు అనడానికి ఎంతసేపు పడుతుంది ప్రసన్నలక్ష్మీ, రెండక్షరాలు, నోరు తెరిచి మూసేలోగా అయిపోతుంది, ఆ రెండక్షరాలు అనలేక ఇప్పుడు కట్టుకున్న చీర కూడా మార్చకుండా, వట్లూరులో చెల్లెలింటికి వెళ్తున్నానని మా ఆయనతో అబద్ధం చెప్పి, కిటికీ పక్కన కూర్చుని వందసార్లు లోపల అనుకుంటున్నావు. వద్దు యేసమ్మా, వద్దు. ఇప్పుడు ఎంత బాగా వస్తోందో. స్టేషన్లో నిలబడి నాలుగుసార్లు ఫోన్ చేశాను, నాలుగుసార్లూ స్విచ్ ఆఫ్ అనే వచ్చింది.

పదకొండింటికి వచ్చింది ఆవిడ ఫోన్, మా మందుల షాపు నెంబరుకే. మందుల కవరు మీద ఉంటుంది కదా, ఎవరిచేతనో చదివించి కొట్టించి ఉంటుంది. ఆయన బిల్లు రాస్తున్నారు, నేనే తీశాను. "అమ్మగారండీ, నేనండీ, యేసమ్మనండీ, నిడమర్రు చేపల చెరువుల మీద ఉంటాం కదండీ, సోమవారం వచ్చాను కదండీ" అంది. గొంతు నీరసంగా ఉంది. "మా ఆయన్ని ఏలూరు ఆస్పత్రికి తెచ్చామండి. సోమవారం నాటికే వాంతులండి, గాలి కూడా పోవట్లేదండి, రాత్రి నుంచి ఒకటే నొప్పండి, పొట్ట డప్పులాగా అయిపోయిందండి. ముక్కులో గొట్టం వేశారండి. నోటికి ఏమీ ఇవ్వొద్దంటున్నారండి. దొడ్డికి రావడానికి మాత్రం ఏ మందూ ఇవ్వట్లేదండి. మీరిచ్చిన మాత్రలు ఇంకో రెండున్నాయండి నా కొంగున. వేసెయ్యమంటారాండీ?" అంతా తెలిసిపోయింది నాకు, ఒక్క క్షణంలో, ఎక్కడేం జరిగిందో. జవాబు నాలుక మీద ఉంది. కానీ ఎదురుగా రైస్‌మిల్లు హనుమంతరావుగారు బీపీ మాత్రల కోసం నిలబడ్డారు, ఆయన పక్కన ఇంకో ఇద్దరు మగవాళ్ళు, ఈయనేమో పెన్ను ఆపి ఎవరు అన్నట్టు చూస్తున్నారు. అంతమందిలో దొడ్డి గురించి మాట్లాడమంటావా, మాత్ర వద్దు అంటే ఏ మాత్ర అంటారు, ఎవరికి అంటారు, ఎందుకిచ్చావు అంటారు. "ఇప్పుడు కాదమ్మా, షాపులో జనం ఉన్నారు, మళ్ళీ మాట్లాడతాను" అన్నాను. పెట్టేశాను. "ఎవరూ?" అన్నారాయన. "ఎవరో అండి, ఏదో సిరప్పు ఉందా అంటున్నారు" అన్నాను. పది నిమిషాలు ఆగి మేడమీదికి వెళ్ళి తిరిగి చేస్తే స్విచ్ ఆఫ్. ఆసుపత్రి వరండాలో ఛార్జింగు ఎవరిస్తారు ఆవిడకి.

ఇందులో విచిత్రం ఏమిటంటే, జనం ముందు ఆ మాట మాట్లాడక్కర్లేకుండా చేసినందుకే కదా ఇన్నాళ్ళూ నేను గొప్పగా ఫీలయ్యింది. మధ్యాహ్నం రెండింటికి ఆయన భోంచేసి పడుకోవడానికి మేడ మీదికి వెళ్తారు, నాలుగున్నర దాకా కౌంటర్లో నేనుంటాను. ఆ వేళకే వస్తారు ఆడవాళ్ళు. మా అత్తగారు లక్ష్మీకాంతమ్మగారి కాలం నుంచీ ఉన్న పద్ధతి అది. వచ్చి ఏమీ అనరు. చుట్టూ చూసి కౌంటరు అద్దం మీద వేళ్ళు పెడతారు, దొడ్డికి రాక ఎన్ని రోజులైతే అన్ని వేళ్ళు. కొంగు చాటున పెట్టేవాళ్ళు కొందరు, చంటిపిల్లని ఎత్తుకుని పిల్ల వేళ్ళ పక్కన తమ వేళ్ళు పెట్టేవాళ్ళు కొందరు. నేను చూస్తాను, తీస్తాను, పాత పేపర్లో చుట్టి ఇస్తాను. ఎవరికీ చెప్పరు, మగాడికి అసలే చెప్పరు. నిడమర్రు, గణపవరం, కొల్లేటి అంచు ఊళ్ళ నుంచి బస్సెక్కి మరీ వస్తారు, ఆ షాపులో అమ్మగారు నోరు తెరవనివ్వరంట అని. నోరు తెరవనివ్వరు. అక్షరాలా అంతే చేశాను నేను.

రెండు వేళ్ళకి ఇసబ్‌గోల్ పొట్టు. అది మంచిది, అమాయకపుది, పేగులో నీళ్ళు పీల్చి ఉబ్బి లోపలున్నదాన్ని మెత్తగా పెద్దగా చేసి ముందుకు జరుపుతుంది, కాకపోతే పెద్ద గ్లాసుడు నీళ్ళు తాగాలి, తాగకపోతే అదే లోపల బంకలా పట్టుకుని కూర్చుంటుంది. మూడు వేళ్ళకి సిరప్పు, లాక్టులోజ్, అదొక పంచదార, మనిషికి అరగనిది, అరక్క అక్కడే ఉండి ఒంట్లో నీళ్ళని పేగులోకి లాగుతుంది, కడుపు కొంచెం గుడగుడమంటుంది గానీ పని చేస్తుంది. మొలలున్న వాళ్ళకి తెల్లటి పారఫిన్ మందు, అది జారుడు, నూనె రాసిన గొట్టంలా. చూలింతలకీ ముసలివాళ్ళకీ గ్లిజరిన్ బత్తి, కింది నుంచి. నాలుగు వేళ్ళు పెడితే చిన్న పసుపుపచ్చ మాత్ర. బిసకోడిల్. అది మెత్తబెట్టేదీ కాదు, జారేలా చేసేదీ కాదు. పేగు గోడని పొడిచి లేపుతుంది, ఎద్దుని ముల్లుకర్రతో పొడిచినట్టు, లే, నడువు అని. రాత్రి వేసుకుంటే పొద్దున్నకి పేగు మెలితిరుగుతూ నడుస్తుంది. ఆముదమూ సునాముఖీ కూడా ఇంచుమించు ఆ జాతివే. ఇవన్నీ నాకు కంఠోపాఠం. ఏ కాలేజీలో చదివానని? పేకెట్ల లోపల పెట్టే కాగితాలు చదివి, ఈయన దగ్గర విని, నా ఒంటి మీద నేర్చుకుని.

"ఎంతవరకండీ?" అంటోంది ఎదురు సీట్లో ఆవిడ, ఒళ్ళో స్టీలు కేరియరు పెట్టుకుంది. ఏలూరండి అన్నాను. "ఆస్పత్రికాండీ? మేమూ అక్కడికేనండి, మా ఆడపడుచు కాన్పుకొచ్చింది." కాదండీ, మా చెల్లెలింటికి, వట్లూరు, అన్నాను. చూడు, ఈవిడెవరో నాకు తెలీదు, జన్మలో మళ్ళీ కనపడదు, ఈవిడ దగ్గర కూడా అబద్ధమే. చేబ్రోలు దాటుతుండగా ఫోన్ మోగింది, యేసమ్మే అనుకుని ప్రాణం లేచొచ్చింది, కాదు, హరిణి. మా అమ్మాయి. ఏలూరు దగ్గరే బీఫార్మసీ మూడో ఏడు. బయల్దేరే ముందు దానికే మొదట చేశాను, పరుగెత్తి ఆసుపత్రికి వెళ్ళమని చెబుదామని, బండి మీద పావుగంటలో పోతుంది అది. ఒక్క రింగు అవ్వగానే నేనే కట్ చేశాను. ఏమని చెప్పను కన్నకూతురికి? "అమ్మా, ఏంటి చేశావు?" అంటోంది. కేరియరావిడ నా మొహంలోకే చూస్తోంది, పక్కన ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు. "ఏం లేదమ్మా, ఊరికే చేశాను. తిన్నావా?" అన్నాను. "తిన్నానమ్మా, ల్యాబ్‌కి వెళ్తున్నా, సాయంత్రం చేస్తా" అని పెట్టేసింది. ఓసి దరిద్రమా. చేతికొచ్చిన దాన్ని జారవిడిచావు, తిన్నావా అని అడిగి. ఇది రెండోసారి ఈ పూట.

కడుపులో మెలి మొదలైంది. నాది. రాత్రి వేసుకున్న మాత్ర పొద్దున్నే పని చెయ్యాల్సింది, ఆ ఫోన్ వచ్చేసరికి ఎక్కడిదక్కడ బిగుసుకుపోయింది, ఇప్పుడు గుర్తొచ్చింది దానికి. నాభి దగ్గర చిన్నగా మొదలై ఎడమపక్కకి జారుతుంది, చెమట పడుతుంది, నోట్లో నీళ్ళూరుతాయి. ముప్ఫై ఏళ్ళుగా తెలుసు నాకు దీని నడక. ఇరవై రెండో ఏట ఈ ఇంటికొచ్చాను. దొడ్డి వెనకవైపు సరుకు గది పక్కనే ఉండేది, తలుపు సందులోంచి గుమాస్తాల కాళ్ళు కనపడేవి, వాళ్ళు మాట్లాడుకునేవి వినపడేవి, నాకు వాళ్ళు వినపడితే వాళ్ళకి నేను వినపడనా? ఐదు నిమిషాలు దాటితే అత్తగారు హాల్లోంచి "ఏమ్మా, అంతసేపేంటి, ఒంట్లో బాలేదా?" అని కేకేసేవారు, ప్రేమగానే, నలుగురి ముందూ. తల తీసేసినట్టుండేది. అందుకని ఆపుకోవడం నేర్చుకున్నాను. ఒకరోజు ఆపితే రెండో రోజు రాదు, రెండో రోజు రాకపోతే మూడో రోజు నెప్పి, మూడో రోజు అత్తగారు ఆముదం గిన్నె పట్టుకొచ్చేవారు, మా కోడలికి మలబద్ధకం అని పక్కింటావిడకి చెబుతూ. ఆ మాట ఇంకొకరి నోట వినకూడదని ఒకరోజు మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు పసుపు మాత్రల స్ట్రిప్పొకటి రవికలో దోపుకున్నాను. ఇప్పుడు రోజుకి రెండు. మాత్ర లేకపోతే నా పేగు పేగు కాదు, చచ్చిన పాము. ముల్లుకర్ర అలవాటైపోయింది, పొడవందే లేవదు. మా ఆయనకి తెలీదు, ముప్ఫై ఏళ్ళ కాపురంలో తెలీదు, కుట్టుమిషను డ్రాయరులో దారపుండల కింద దాస్తాను. ఎవరికైనా ఏమైనా ఇచ్చేటప్పుడు నాకు పనిచేసేదే కదా ఇస్తాను. నాకు మంచిదైతే వాళ్ళకీ మంచిదే అనుకున్నాను. తెలివి అఘోరించింది.

సోమవారం. ఎంత వద్దనుకున్నా సోమవారమే వస్తోంది కళ్ళ ముందు. మూడింటికి వచ్చింది యేసమ్మ. ఐసు నీళ్ళలో చేపలు ఏరి పెట్టెలకి సర్దే పని ఆవిడది, వేళ్ళ చివర్లు పాలిపోయి ముడతలు పడి ఉంటాయి, ఆ వేళ్ళు నాలుగు పెట్టింది అద్దం మీద. ఆవిడక్కాదు, మొగుడికని సైగ చేసింది, మెడ వెనక్కి తిప్పి, బయట తవుడు లారీ వైపు చూపించి. క్రీస్తుదాసుని నేనెరుగుదును, చెరువుల కాపలా, మేతకి తవుడు కోసం వారానికోసారి మిల్లుకొస్తాడు లారీతో, పొడుగ్గా ఉంటాడు, నమస్కారమండీ అమ్మగారూ అని దూరం నుంచే అంటాడు. ఆ రోజు లారీ దిగలేదు. లారీ అద్దానికి తల ఆనించి కూర్చున్నాడు. నేను చూశాను. చూసి కూడా ఆరు మాత్రలు కత్తిరించాను, "ఇవాళ రాత్రి రెండు, రాకపోతే రేప్పొద్దున్న రెండు, అవసరమైతే ఇంకో రెండు" అన్నాను. ఆవిడ కవరు తీసుకుంది, వెళ్ళలేదు. నిలబడింది. "అమ్మగారండీ, ఆయనకి మరీ..." అని పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. అప్పుడే ఒకతను సైకిల్ స్టాండు వేసి షాపులోకి వస్తున్నాడు. నేనేం చేశాను? ఆవిడ పరువు కాపాడాను! "తగ్గిపోతుందిలే యేసమ్మా, వెళ్ళిరా" అని కళ్ళతోనే సైగ చేసి పంపేశాను. వాంతులవుతున్నాయని చెప్పబోయింది. గాలి కూడా పోవట్లేదని చెప్పబోయింది. వేళ్ళతో రోజులు చెప్పొచ్చు, వాంతులెలా చెబుతుంది వేళ్ళతో?

కైకరం దాటితే పట్టాలకి దక్షిణం పక్కన చెరువులే చెరువులు, వరి కనపడదు, చేపలకి గాలి అందించే ఏరేటర్లు నీళ్ళని చిలుకుతున్నాయి ఎండలో. క్రీస్తుదాసు కూడా ఇలాంటి ఒక గట్టు మీద పాకలో ఉండి ఉంటాడు, రాత్రంతా గట్ల మీద తిరుగుతూ. పోయినేడు వానాకాలంలో మిల్లు దగ్గర చెబుతుంటే విన్నాను, కొల్లేటికి ఎన్ని వాగుల నీళ్ళొచ్చినా ఏం కాదండీ, పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే కదండీ, అది గుర్రపుడెక్కతో మూసుకుపోతే అప్పుడు చూడండి మా కొంపలు, ఎంత నీరొస్తే అంత ముప్పు అన్నాడు. అయ్యో క్రీస్తుదాసూ. నీ పొట్టలో సంగతి నువ్వే చెప్పావు కదయ్యా. పొట్టు గానీ సిరప్పు గానీ మాత్ర గానీ అన్నీ దారి ఉన్నప్పుడే. పేగు మడతపడో చిక్కుకునో దారి మూసుకుపోయినవాడికి వెనక నుంచి ముల్లుకర్రతో పొడిస్తే ఎక్కడికి పోతుంది పాపం ఆ పేగు, మూసుకున్న చోటికే వెళ్ళి కొట్టుకుంటుంది, ఉబ్బుతుంది, చిరుగుతుంది. హరిణి చెప్పింది నాకు. నిరుడు సెలవులకొచ్చి కౌంటర్లో నా పక్కన కూర్చుని వేళ్ళ భాష చూసి మొదట నవ్వింది, తర్వాత నవ్వలేదు. "అమ్మా, రెండే రెండు అడుగు. వాంతులున్నాయా, గాలి పోతోందా. వాంతులుంటే, గాలి పోకపోతే మాత్ర ఇవ్వకు, డాక్టర్ దగ్గరికి పంపు. అదొక్కటి అడిగితే చాలు" అంది. "గాలి పోతోందా అని అడిగితే మన షాపుకి ఇంకెవరైనా వస్తారటే?" అన్నాను నేను. పెద్ద జోకు వేసినట్టు పకపకా నవ్వాను కూడా. అది ఫోన్ చూసుకుంది.

భీమడోలులో ఆపేశాడు. పక్క లైనుకి మళ్ళించి ఆపేశాడు, వెనక సూపర్‌ఫాస్టు ఏదో వస్తోందిట, అది పోతే గానీ వదలడుట. ఐదు నిమిషాలు. పది. కేరియరావిడ అరటిపండు ఒలుస్తోంది. నాకు కడుపులో మెలి మీద మెలి, బోగీ చివర పాయిఖానా తలుపు మీద, బండి స్టేషన్లో ఉండగా వాడరాదని రాసుంది, రాయకపోయినా వెళ్ళను, తలుపు దగ్గర నలుగురు నిలబడ్డారు, వింటారు, ఆపుకోవడం నాకు కొత్తా. లేచి తలుపు పక్కకి వెళ్ళి హరిణికి చేశాను. ఈసారి చెప్పేస్తానని ఒట్టు పెట్టుకుని, ఎవరు విన్నా సరే అని పళ్ళు బిగబట్టుకుని చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ల్యాబ్‌లో ఉంటుంది, ఫోను సైలెంటులో బ్యాగులో. మళ్ళీ చేశాను. మళ్ళీ. మెసేజ్ పెట్టనా అంటే, ఏం రాయను. యేసమ్మకి చేశాను. స్విచ్ ఆఫ్. ఎవరి నేరమిది? పోనీ రైలుదందామా. రైల్వేవాళ్ళదందామా. సూపర్‌ఫాస్టు మా బోగీని ఊపేస్తూ వెళ్ళింది, అయినా వదల్లేదు, ఇంకో ఆరు నిమిషాలు.

ఇంకో మాట ఉంది, అది నాతో నేను కూడా అనుకోవడం లేదు, ఇప్పుడు అనుకోక తప్పేట్టు లేదు. పోయిన నెల హనుమంతరావుగారి భార్య సత్యవతిగారు వచ్చి ఇలాగే మూడు వేళ్ళు పెట్టారు. ఆవిడ కారు దిగి, కూలింగ్ గ్లాసు తీసి, చాలా ఇబ్బందిగా పెట్టారు. ఆవిడకి నేను సిరప్పు చుట్టి ఇచ్చి పంపేశానా? లేదు. లోపలికి రండి వదినగారూ అని మేడమీదికి తీసుకెళ్ళాను, మజ్జిగ ఇచ్చాను, తలుపేసి అన్నీ అడిగాను, ఆకలుందా, వాంతులున్నాయా, థైరాయిడ్ మాత్రలు వాడుతున్నారా, అన్నీ. ఆవిడ చేత డాక్టరుగారికి ఫోన్ చేయించాను. హరిణి చెప్పిన రెండు ప్రశ్నలూ నాకు రాక కాదు. ఎవరినడగాలో నాకు బాగా తెలుసు. యేసమ్మని మేడమీదికి పిలుస్తానా నేను, మెట్ల మీద చేపల నీచు పడుతుందని కదూ అనుకున్నది, అనుకోలేదంటావా ప్రసన్నలక్ష్మీ, అనుకున్నావు. అందుకే కిందనే, అద్దానికి అవతలే, వేళ్ళతోనే సరిపెట్టావు. ఛీ. నా మొహం కిటికీ అద్దంలో కనపడుతోంది, చూడబుద్ధి కావట్లేదు.

దెందులూరు దాటింది. ఏలూరు వచ్చేస్తోంది, ఇప్పుడు భయం వేస్తోంది. వెళ్ళి ఏమని చెప్పాలి? యేసమ్మ చెవిలో వద్దమ్మా అని చెప్పి, ఆ రెండు మాత్రలూ తీసుకుని, అరటిపళ్ళు చేతిలో పెట్టి వచ్చెయ్యొచ్చు. ఎవరికీ తెలీదు. లైసెన్సు ఈయన పేరు మీద ఉంది, నేను కౌంటర్లో కూర్చోవడమే తప్పు, చీటీ లేకుండా ఇచ్చానని డాక్టరు కాగితం మీద రాస్తే డ్రగ్ ఇన్‌స్పెక్టరు వస్తాడు, షాపు షట్టరు దింపుతారు, హనుమంతరావుగారు అయ్యో అలాగా అంటారు, గూడెం అంతా తెలుస్తుంది, ఏమిచ్చింది, ఎందుకిచ్చింది, ఆవిడగారూ అదే వేసుకుంటుందిట. మా ఆయన, పాండురంగారావుగారు, ఏ మొహం పెట్టుకుని కౌంటర్లో కూర్చుంటారు నా వల్ల? ముందు ఆ క్రీస్తుదాసు బతికి ఉండాలి. బతికుంటే చాలు, నేను చెవిలో చెప్పి వచ్చేస్తాను. ఇలా అనుకుంటూనే రైలు దిగాను, ఇలా అనుకుంటూనే ఆటో ఎక్కాను, డెబ్బై అడిగితే బేరం కూడా ఆడలేదు.

మగవాళ్ళ సర్జరీ వార్డు, కిటికీ పక్కన మంచం. క్రీస్తుదాసు కళ్ళు మూసుకుని ఉన్నాడు. ముక్కులో గొట్టం, గొట్టంలోంచి ఆకుపచ్చ నీరు సంచీలోకి దిగుతోంది, దుప్పటి కింద పొట్ట అంత ఎత్తున. యేసమ్మ నేల మీద కూర్చుని బైబిలు ఒళ్ళో పెట్టుకుంది, నన్ను చూసి గభాల్న లేచింది, కొంగు సర్దుకుంది, "అమ్మగారండీ, మీరొచ్చారా" అంది, ఎంత ఆనందమో ఆ మొహంలో, చచ్చిపోవాలనిపించింది. "మాత్రలేవి యేసమ్మా? వేశావా?" అన్నాను, చెవిలోనే. ఆవిడా చెవిలోనే చెప్పింది. "ఒకటి వేశానండి, ఇందాకే, అరగంటయ్యింది. నర్సమ్మ అటు వెళ్ళగానే రెండు చుక్కలు నీళ్ళు పోసి మింగించానండి. రెండోది మీతో మాట్లాడి వేద్దామని ఆగానండి. ఫోను ఆగిపోయింది కదండీ. మీరు వద్దనలేదు కదండీ, అందుకే వేశాను." అరగంట. భీమడోలు. "డాక్టరుగారికి చెప్పావా ఇవన్నీ వేశామని?" "అయ్యో, ఎలా చెప్తానండీ, కుర్ర డాక్టరుగారండి. మూడుసార్లు అడిగారండి, విరేచనాల మందేమైనా వేశారా అని. లేదండీ అన్నానండి. మీ పేరు ఎత్తలేదండి అమ్మగారూ, ఒట్టండి."

కుర్ర డాక్టరు వార్డు రెండో చివర ఉన్నాడు, ఎవరిదో కట్టు చూస్తున్నాడు. మధ్యలో ఇరవై మంచాలు, ఇరవై మంచాల మీద మగవాళ్ళు, వాళ్ళ పక్కన అన్నదమ్ములూ కొడుకులూ. నేను అక్కడిదాకా నడవలేదు. "డాక్టరుగారూ" అని ఉన్నచోట నుంచే పిలిచాను, అంత గొంతు నాకుందని నాకే తెలీదు, అందరూ తిరిగారు. "ఈ పేషెంటు విరేచనాల మాత్రలు మింగాడండి. బిసకోడిల్. సోమవారం రాత్రి రెండు, నిన్న పొద్దున్న రెండు, అరగంట క్రితం ఇంకోటి. అప్పటికే నాలుగు రోజులుగా దొడ్డికి లేదు, వాంతులున్నాయి, గాలి పోవట్లేదు. మాత్రలిచ్చింది నేనండి. తాడేపల్లిగూడెంలో మా మందుల షాపులో, నా చేత్తో ఇచ్చాను. అడగాల్సినవి అడగలేదండి." ఆయన చేతిలో దూది పడేసి వచ్చాడు. పొట్ట మీద చెయ్యి పెట్టాడు, క్రీస్తుదాసు మూలిగాడు. "సిస్టర్, సార్‌కి ఫోన్ చెయ్యండి, థియేటర్ రెడీ చెయ్యమనండి, ఇంక ఆగడానికి లేదు" అన్నాడు. నా వైపు చూశాడు, తిడతాడనుకున్నాను, తిట్టలేదు, జేబులోంచి పెన్ను తీశాడు. "మీ పేరు, షాపు పేరు. ఎన్ని, ఎప్పుడు, మళ్ళీ మొదట్నుంచి చెప్పండి."

మళ్ళీ మొదట్నుంచి చెప్పాను, నా పేరూ, షాపు పేరూ, అన్నీ, అంతే గట్టిగా. ఎవరో కుర్రాడు కిసుక్కుమన్నాడు. ట్రాలీ తోసుకొస్తున్నారు. మంచం మీద క్రీస్తుదాసు కళ్ళు తెరిచాడు, నన్ను చూశాడు, గొట్టం ఉన్న మొహం మీదికి దుప్పటి లాక్కోబోయాడు, చెయ్యి సగందాకా లేచి పడిపోయింది. యేసమ్మ వెనక నుంచి నా మోచెయ్యి పట్టుకుంది. కోపంగా కాదు, బతిమాలుకుంటున్నట్టు.

"కొంచెం మెల్లగా అనండి అమ్మగారూ, ఆయనకి వినపడుతుందండి."